మృతోత్థితము – బీభత్సరసవిచారము

బీభత్సరసమును గూర్చి మన యాలంకారికులు వ్రాసినది మిక్కిలి స్వల్పము. శృంగారమునకు బుటలకొలది యుదాహరణము లిచ్చినవారు సైతము బీభత్సమునకు వచ్చునప్పటికి మాలతీమాధవ పంచమాంకమందలి శ్మశానవర్ణనమునుండి యొక శ్లోకమును జూపి ముందునకు సాగుదురు. పాఠశాలలయందు మనమును నట్లే చేయుచున్నాము. జుగుప్స స్థాయి, రక్తమాంసాదు లాలంబనము, ముఖసంకోచ మనుభావము అని విద్యార్థులచేత వల్లె వేయించి పాఠము ముగింతుము. ముప్పదియేండ్లుగా నేనును నట్లే చెప్పితిని. ఆ పాఠమున నొక లోపము గలదని యీ నడుమ నాకు దోచినది. దానిని విజ్ఞులయెదుట నుంచుటయే యీ వ్యాసమునకు బ్రయోజనము.

ప్రసక్తి యెట్లు గలిగెనో చెప్పెదను. రేపల్లెలో నాకంటె నైదారేండ్లు పెద్దవారైన మిత్రులొకరు తెలుగుపండితులుగ బనిచేసి విశ్రాంతి గైకొనియున్నారు. వారి కుమారుడు చిన్ననాట రెండువత్సరములు నాయొద్ద లఘుకౌముది చదివెను. ఇప్పు డాతడు హైదరాబాదులో జలనచిత్రములకు గృత్రిమాంగములు చేయు వృత్తిలో నున్నాడు. తెగిన చేతులు, పగిలిన తలలు, క్రుళ్లిన మొగములు – ఇవి యాతని చేతిపని. తండ్రిగారి కిది కంటగింపు. "శాస్త్రిగారూ! మాయింట నాలుగుతరములుగ బాఠములు చెప్పి బ్రతికినాము. వీడు శవములు చేసి బ్రతుకుచున్నాడు. మీ మాట వినును. మీరైన మందలింపుడు" అని వారు నాతో బలుమారు లనిరి. నేను మందలింప బూనగా నా కుఱ్ఱవాడు తలవంచుకొని, "గురువుగారూ, తప్పక మందలింపుడు. కాని ముందుగ మూడు చిత్రములు చూచి మందలింపుడు" అనెను. తెనాలిలో మాయింట మూడురాత్రులు వరుసగా నా మూడింటిని జూచితిని. మొదటిరాత్రి సగముపై లేచిపోయి, మరల వచ్చి కూరుచుంటినని యొప్పుకొనుట ధర్మము.

ఆ మూడును జార్జి రొమేరో యను నమెరికా దర్శకుడు తీసినవి. 1968లో 'నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్', 1978లో 'డాన్ ఆఫ్ ది డెడ్', 1985లో 'డే ఆఫ్ ది డెడ్' వెలువడినవి. వీనిని లోకము జాంబీచిత్రము లనుచున్నది. కడపటి రెండింట గాయములను, రక్తమును, ఛిన్నాంగములను నిర్మించిన శిల్పి టామ్ సావినీ.

శబ్దవిచారము

జాంబీ యను మాట కరీబియను సముద్రమందలి హైతీ దేశమునుండి వచ్చినది. మంత్రగాడు శవమును లేపి తన పొలమున జాకిరీ చేయించుకొనునని యచటి జనుల నమ్మకము. ఆ శవమునకు దనదైన యిచ్ఛ లేదు. ఫ్రెంచివారి చెఱకుతోటలలో బానిసలై మ్రగ్గినవారి సంతతికి, చచ్చియు జాకిరీ తప్పదను భయ మిట్టి రూపము దాల్చుట సహజమే. 1932లో వచ్చిన 'వైట్ జాంబీ' యా నమ్మకమును దెరమీదికి దెచ్చెను. రొమేరో మంత్రగానిని దొలగించెను. ఆతని చిత్రమున శవములు తమంత లేచును, బ్రతికియున్నవారిని దినును, కఱవబడినవారు చచ్చి మరల లేతురు. వింత యేమనగా 1968 నాటి చిత్రమున జాంబీ యను మాటయే వినబడదు. లోకమే పిదప నా పేరిడినది.

మనకు లేచిన శవము క్రొత్త గాదు. సోమదేవుని కథాసరిత్సాగరమందలి వేతాళుడు శింశుపావృక్షమున వ్రేలాడు శవము నాశ్రయించియుండును. ఆ వేతాళుని దెనుగు పిల్లలకు నిత్యపరిచితునిగ జేసినది 'చందమామ' పత్రిక. దానిని 1947 జూలైలో మద్రాసున నాగిరెడ్డితో గూడి నెలకొల్పిన చక్రపాణి మన తెనాలి యైతానగరమువారు. 1952 మొదలు 1980లో గతించువరకు దాని సంపాదకత్వభారము వహించిన కొడవటిగంటి కుటుంబరావుగారును దెనాలివారే. భుజముపై శవముతో, చేత ఖడ్గముతో నడచుచున్న రాజును జిత్రించినవారు శంకర్‌గారు. కనుక లేచిన శవమును దెలుగువారి యిండ్లకు బంపినది మనయూరివారే యనిన నతిశయోక్తి గాదు.

ఆ బొమ్మను జూచి భయపడిన పిల్ల లుందురేమో కాని, రోసిన పిల్లలు లేరు. ఏల? ఆ శవమున రక్తము లేదు, క్రుళ్లు లేదు అని చెప్పుట సులభము. అది చాలిన హేతువు గాదు. శవములోని భేతాళుడు మాటలాడును. కథ చెప్పును, ధర్మసందేహ మడుగును, సమాధానము విని సంతోషించి యెగిరిపోవును. శవ మాతనికి నిల్లువంటిది. ఇల్లు పాడుబడినను లోన నొకడున్నాడు. అందువలన నచట నద్భుతమే ప్రధానము.

ఇచట నొక వ్యాకరణాంశము నా దృష్టికి వచ్చినది. తెలుగున నామములు మహత్తులనియు నమహత్తులనియు రెండు తెగలని బాలవ్యాకరణము చదివిన ప్రతివిద్యార్థి యెఱుగును. పురుషవాచకములు మహత్తులు, తిర్యగ్జడవాచకము లమహత్తులు. స్త్రీవాచకములకు నేకవచనమున నమహత్కార్యమును, బహువచనమున మహత్కార్యమును గలుగును. భేతాళుడు వచ్చినాడందుము, శవము వచ్చినదందుము. జాంబీ విషయమున మన పిల్లలేమందురు? పలువురిని బరీక్షించితిని. అందఱును వచ్చినదనియే యనిరి. వచ్చినాడని యొక్కరును ననలేదు. వ్యాకరణము చదువని పిల్లవాడు సైతము లేచిన మనిషి నమహత్తులలో జేర్చుచున్నాడు. నిన్నటి 'నాన్న వచ్చినాడు' అనునది నేడు 'అది వచ్చినది' యగుచున్నది. ఈ లింగపరిణామమే యీ కథలకు బ్రాణమని నా మతము. దీనికి బ్రమాణములు ముందు జూపెదను.

పూర్వపక్షము

మా మిత్రులును, వారివంటి పెద్దలును జేయు నాక్షేపములు రెండు.

మొదటిది శాస్త్రనిషేధము. యుద్ధము, మరణము, నగరోపరోధము మొదలగువానిని రంగమున బ్రత్యక్షముగ జూపరాదని భరతుడు చెప్పెను. ధనంజయుడు దశరూపకమున భోజనస్నానములను సైతము నిషేధించెను. శవము లేచి మనుష్యుని దినుట జూపినచో నొక్కమాఱే రెండు నిషేధముల నతిక్రమించినట్లు. భవభూతియంతవాడును బిశాచము శవమును దినుటను మాధవునిచేత జెప్పించెనే కాని రంగముపై జూపలేదు.

రెండవది రసానుపపత్తి. నెత్తురు చూచి వెగటుపడుట లోకసిద్ధమైన వికారము. అది రసము గాదు. కడుపు త్రిప్పుటయు, జిత్తము ద్రవించుటయు నొకటి గానేరవు. కావున నిట్టి చేతిపని కళ గాదు, గారడి.

సమాధానము

నిషేధమును గూర్చి చెప్పవలసినది కొంచెమే. లక్ష్యము లక్షణమును బలుమాఱు దాటినది. తిరువనంతపురమున గణపతిశాస్త్రిగారు 1912 మొదలు ప్రకటించిన భాసనాటకములలో నూరుభంగమున దుర్యోధనుడు రంగముమీదనే ప్రాణములు విడుచును. మన దేశమున 1885లో గడపజిల్లా సురభిగ్రామమున వనారస గోవిందరావుగారి సమాజము మొట్టమొదట నాడిన నాటకమేది? కీచకవధము! విరాటపర్వమున దిక్కన కీచకుని గతి యెట్లు వర్ణించెనో పండితులకు జెప్ప బనిలేదు. భీముడు వానిని గుర్తింపరాని మాంసపుముద్దగ జేయును. ఆ కథను గన్నులార జూడగోరిన ప్రేక్షకులను గుసంస్కారు లనగలమా?

ఇంకను నిషేధించిన భరతుడే యాహార్యాభినయమునకు బ్రత్యేకాధ్యాయమును గేటాయించెను. ఆహార్యము పుస్తము, అలంకారము, అంగరచన, సంజీవము అని నాలుగువిధములు. పుస్తమనగా రంగమునకు వలయు వస్తువుల గల్పించుట. అది చాప, బట్ట, తోలు మొదలగువానిని గూర్చి చేయునది సంధిమము. యంత్రముచేత నడచునది వ్యాజిమము. చుట్టి కట్టునది వేష్టిమము, చేష్టిమమని పాఠాంతరము. ఈ విభాగమును జేతబట్టుకొని సావినీ పనిని జూచితిని. ఒక్కటియు వెలి కాలేదు.

1978 నాటి చిత్రమున నొక జాంబీ తలలో మచ్చుకత్తి దిగినట్లు కనబడును. నటుని తలకు సరిగ గూరుచుండునట్లు కత్తి యలుగును వంపుగ గోసి తీసిరి. అది సంధిమము. వేఱొక శవపు నడినెత్తిని దిరుగుచున్న హెలికాప్టరు రెక్క యెగురగొట్టును. అసలు నుదుటిపై గట్టిన కృత్రిమశిరోభాగము ముక్కలై లేచిపోవును, ఇది వ్యాజిమము. పండ్లు దిగినచోట భుజమాంసము సాగి తెగుట మెత్తని రబ్బరుపొరను జర్మమునకంటించి చేసినది. 1985 నాటి చిత్రమున నొక యధికారిని శవములు నడుమునకు రెండుగ జీల్చును. నటుని దేహము నేలక్రింద దాచి, తలయు జేతులును మాత్రము పైకుంచి, కృత్రిమమైన మొండెమును జేర్చి, దానిలో బందిప్రేవులు నింపిరి. ఆ ప్రేవుల నుంచిన శీతలయంత్రమునకు విద్యుత్తు తప్పి యవి క్రుళ్లగా, నటులు దుర్గంధము భరింపలేకపోయిరని ప్రసిద్ధి. 1968 నాటి చిత్రము నలుపు తెలుపులది. అందు రక్తమునకు బదులు చాక్లెట్ పానకము వాడిరి. మాంస మొక కసాయి యిచ్చినది.

అంగరచనను గూర్చి యొక విశేషము. 1978 నాటి చిత్రమున శవముల మొగములకు బూసినది బూడిదవన్నె. అది తెరమీద బలుతావుల నీలముగ గానవచ్చినది. బీభత్సమునకు నీలవర్ణమును, మహాకాలుడను దైవమును జెప్పిన భరతుని వారు చదివియుండరు. వర్ణము కాకతాళీయము. ఐనను జూచినప్పుడు నా యొడలు గగుర్పొడిచినది.

ఆహార్యము హీనమని యెవరైన నందురేని, బాపట్లలో 1902లో జన్మించిన స్థానం నరసింహారావుగారిని దలచుకొందురు గాక. తెనాలి శ్రీరామవిలాససభ రంగముపై నా పురుషుడు సత్యభామయై నిలుచునప్పుడు స్త్రీలు సైతము వారి నడకను, గట్టుబొట్టును జూచి నేర్చుకొనిరని మా పెద్దలు చెప్పుకొనెడివారు. 1956లో ప్రభుత్వము వారిని బద్మశ్రీతో గౌరవించెను. పురుషుని స్త్రీగ జూపు నాహార్యమునకు గౌరవమును, జీవించియున్నవానిని శవముగ జూపు నాహార్యమునకు నీసడింపును నేల? శృంగారమున కుపకరించు పని కళయై, బీభత్సమున కుపకరించు పని కళ గాకపోవుటకు శాస్త్రమున నెచటను హేతువు లేదు. సావినీ యువకుడుగ వియత్నాం యుద్ధమున సైన్యమునకు ఛాయాచిత్రకారుడై శవముల బ్రత్యక్షముగ జూచినవాడు. తాను జూచినదానిని జేతితో మరల నిర్మించినాడు. అది గారడి యగునో కాదో సహృదయులే చెప్పవలయును.

బీభత్సమునకు రసత్వ మెచట?

రెండవ యాక్షేపమే గట్టిది. దానిని ద్రోసివేయక విభజింపవలయును. భరతుడు బీభత్సమును క్షోభజమనియు, నుద్వేగియనియు, శుద్ధమనియు విభజించెను. రక్తాదులచేత గలుగునది క్షోభజము. పురుగులు, మలము మొదలగువానివలన గలుగునది యుద్వేగి. శుద్ధమును ధనంజయుడు వైరాగ్యమున బుట్టు జుగుప్సగ వివరించెను. మొదటి రెండును వస్తువువలన బుట్టును. మూడవది జ్ఞానమువలన బుట్టును. వట్టి క్షోభజము కడుపు త్రిప్పుటతో ముగియునని పూర్వపక్షి యనిన నంగీకరింతును. 1978 నాటి చిత్రము చివర మోటారుసైకిళ్లపై వచ్చిన దోపిడిగాండ్రను శవములు చీల్చి తిను ఘట్టము సుదీర్ఘము. అందు మనకు వా రెవరో తెలియదు. ప్రేవులు లాగుట, నెత్తురు చిమ్ముట మరల మరల వచ్చును. అలంకారికులు రసదోషములలో నెన్నిన పునఃపునర్దీప్తి యిదియే. రక్తపుపోటు చూచు యంత్రమున జేయియుంచి కూరుచున్న దోపిడిగాని చేయి మాత్రమే యంత్రమున మిగులునప్పుడు నవ్వు వచ్చును. దర్శకుడు కోరినదియు నదియే. అచటిది హాస్యాంగమైన క్షోభజము, ప్రధానరసము గాదు.

అదే చిత్రమున నారంభఘట్టము వేఱు. ఒక పాత బహుళాంతస్తుల యింట భర్త శవమై లేచి వచ్చును. భార్య యాతడు బ్రతికియున్నాడనుకొని సంతోషముతో గౌగిలించుకొనును. ఆతడామె భుజమును గొఱుకును. రక్తము, తెగిన మాంసము – సావినీ పని పూర్తిగ గనబడును. చేతిపని రెండుచోట్ల నొక్కటియే. అచట నవ్వితిమి, ఇచట గన్నులు మూసికొంటిమి, మూసికొన్న కన్నులు చెమర్చినవి. భేదమేమి? ఆమె మనసున నాతడు మహత్తు. మన కంటికి నమహత్తు. ఆమె 'వచ్చినాడు' అనుచున్నది, మనము 'వచ్చినది' యనుచున్నాము. ఆ రెండు క్రియారూపముల నడుమ గొఱుకు పడినది. జుగుప్స కాలంబనము రక్తము గాదు. మనవాడు మనవాడు గాకపోవుట. రక్తము దానికి నుద్దీపనము మాత్రమే. మన పాఠమున నాలంబనముగ జెప్పుచున్నది నిజమున కుద్దీపనమని నేను గనుగొన్న లోపము.

ఈ సూత్రమును దక్కిన ఘట్టములపై బరీక్షింపవలయును. 1968 నాటి చిత్రము తండ్రి సమాధిపై బూలదండ యుంచుటకు వచ్చిన యన్నచెల్లెండ్రతో బ్రారంభమగును. అన్న యచటనే చచ్చును. చివర శవముల గుంపు తలుపు లూడబీకి చొచ్చునప్పుడు వానిలో నాతడే ముందుండి చెల్లెలిని లాగికొనిపోవును. అచట గాయము లేదు, నెత్తురు లేదు. ఐనను జిత్రమంతటిలో నదియు, దరువాత జెప్పబోవునదియు మాత్రమే మనసున నిలుచును. నేలమాళిగలో నొక బాలిక కఱవబడి పడియుండును. చచ్చి లేచి తండ్రి మాంసమును దినును; ప్రేమతో బేరుపెట్టి పిలుచుచు వచ్చిన తల్లిని దాపీతో బొడిచి చంపును. అచట దాపీ దిగుచోటు సరిగ జూపరు. గోడపై జిమ్మిన చుక్కలు, అఱపులు మాత్రమే. బాలిక స్త్రీవాచకము గావున 'వచ్చినది' యను క్రియారూపము తల్లికిని మనకును నొక్కటియే. వ్యాకరణ మిచట భేదమును జూపలేదు. కాని తల్లి పెదవిపై నుండునది బిడ్డపేరు. మన పెదవిపై నుండునది 'అది' యను సర్వనామము. పదము లేనిచోట సర్వనామము చాలును.

ఆ చిత్రపు ముగింపు మఱియు ఘోరము. రాత్రియంతయు శవములతో బోరాడి మిగిలిన నాయకుడు తెల్లవాఱి కిటికీకడకు వచ్చును. తుపాకులతో వచ్చిన గ్రామరక్షకు లాతనిని శవమనుకొని కాల్చుదురు. కొక్కెములతో నీడ్చి తక్కిన శవములతో బాటు కాల్చివేయుదురు. బ్రతికియున్న మహత్తును లోక మమహత్తుగ లెక్కించినది. ఆ పాత్రను ధరించిన డ్యూయేన్ జోన్సు నల్లజాతివాడు. ఆ దేశచరిత్ర నెఱిగినవారికి నీ ముగింపునకు వ్యాఖ్యానము వలదు. చిత్రమంతటిలో నధికజుగుప్స గల్పించునది శవములు తినుట గాదు, మనుష్యులు లెక్క తప్పుట.

రెండవ చిత్రమున రోజరను యువకుడు కఱవబడి చచ్చుచుండును. తాను మరల లేవకుండుటకు బ్రయత్నింతునని మిత్రుడు పీటరుతో జెప్పును. మిత్రు డెదుట దుపాకితో గూరుచుండును. దుప్పటి కదలును. ఆ క్షణము వఱకు బీటరునకు లోన నున్నవాడు రోజరు. దుప్పటి తొలగిన పిదప నది యేది? సావినీ నైపుణ్య మిచట నీలపుబూత మాత్రమే. దానికి మించి వలసినదియు లేదు.

మూడవ చిత్రము సూత్రమును వెనుకకు నడపినది. శవములకు బుద్ధి నేర్పగోరిన యొక వైద్యుడు బబ్ అను పేరిడి యొక శవమును శిక్షించును. అది పుస్తకమును బట్టుకొనును; పాట వినును; సైనికవందనము చేయును. వైద్యుడు చచ్చి పడియుండుట జూచి దుఃఖించును. ఇంతవఱకు 'అది' యనుచు వచ్చిన నేను, ఆ దుఃఖము చూచినప్పుడు నాకు దెలియకయే 'ఏడ్చుచున్నాడు' అంటిని. ప్రక్కనున్న నా భార్య, "ఎవరండీ?" అని యడిగినది. అమహత్తు మహత్తైనది. ఆ నటుడు హవర్డ్ షెర్మను. ఆతని మొగమునకు సావినీ యమర్చిన పొర కన్నుల చుట్టును, బెదవుల చుట్టును భావము నడ్డగింపకుండునంత పలుచన. అంగరచన యనుభావమున కడ్డురాకుండుటే దాని పరాకాష్ఠ. ఆ వెంటనే సైన్యాధికారిని శవములు రెండుగ జీల్చుదురు. చచ్చినవాడు వందన మిచ్చుచుండగా బ్రతికినవాడు మాంసమగుచున్నాడు. పందిప్రేవుల యంతటి రక్తపాతమున కర్థమిచ్చినది బబ్ వందనము. అది లేనిచో నది క్షోభజమే. ఈ ఘట్టము మన శుద్ధబీభత్సమునకు జేరువ యని నా యభిప్రాయము. దేహాభిమానము నిలుచుచోటెంత యను ప్రశ్న యందు గలదు.

తెలుగున నీ జాతి

తెలుగున దొలి జాంబీచిత్రముగ బ్రసిద్ధమైనది 2021 ఫిబ్రవరిలో వెలువడిన 'జాంబీరెడ్డి'. దర్శకుడు ప్రశాంత్ వర్మ, నాయకుడు తేజ సజ్జా. కర్నూలు ప్రాంతమందలి కక్షల పల్లెలో బెండ్లి జరుగుచుండగా నీ యుపద్రవము పుట్టును. కరోనా మహమ్మారి వెనువెంటనే వచ్చుట వలన రోగభయము ప్రేక్షకులకు నూతనము గాదు. మన నేలకు దగినచోట నాటుట యీ చిత్రపు గుణము. వేటకొడవళ్లకును గక్షలకును దెలుగుచిత్రములలో మునుపే పరిచయము గలదు. పగవానిని మనిషిగ నెంచకుండుట కక్షకు మూలము. అనగా బగయును మహత్తు నమహత్తుగ జేయునదియే. ఈ సామ్యము చిత్రమున బీజముగ నున్నది. కాని హాస్యము వేగముగ నడచుటచేత దాని కంకురించుటకు జోటు చాలలేదు. బంధువు శవమై లేచినప్పుడు పాత్రలు పరుగెత్తుదురే కాని నిలిచి పేరుపెట్టి పిలుచుట తక్కువ. పెండ్లియింటి చుట్టఱికమునకు మించిన యాలంబనము మనకు దొరకదు. మఱియొక తెలుగు దర్శకు డా తావున నాగి చూచుగాక యని కోరుచున్నాను.

మందలింపు

ఇక నా మందలింపు సంగతి. దసరా సెలవులలో కుఱ్ఱవాడు రేపల్లెకు వచ్చెనని తెలిసి ప్యాసింజరుబండిలో వెళ్లితిని. తండ్రికొడుకులు రెండుగదులలో నుండిరి. నేనాతనిని బిలిచి, "నాయనా, నీ పని యొకటి చూపుము" అంటిని. ఆతడొక పెట్టెనుండి చేయి నొకదానిని దీసి బల్లపై నుంచెను. మణికట్టుకడ దెగినది. తెగినచోట నెముక, నరములు, ఆఱిన నెత్తురు. సిలికాను నచ్చులో బోసి, రంగు పొరపొరలుగ నద్ది, వెండ్రుకల సూదితో నొక్కొకటిగ గ్రుచ్చినానని చెప్పెను. వృద్ధుని చేయి. నడిమివ్రేలి ప్రక్కన గలము పట్టుటచేత గట్టిపడిన కాయ. బొటనవ్రేలిగోరు నిలువున జీలి యతుకుకొన్నది.

మా మిత్రులు గుమ్మముకడ నిలిచి మొదట ముక్కు మూసికొనిరి. వాసన లేదు, ఐనను మూసికొనిరి. ఇదియే పాఠములోని యనుభావము. పిదప దగ్గఱకు వచ్చిరి. గోరుమీద వ్రేలుంచి చాలసేపు పలుకలేదు. తుద కన్నమాట యొకటే: "నాన్నగారు!" కుఱ్ఱవాడు, "తాతయ్య చేయి నాకు బాగుగ జ్ఞాపకమండీ. వేఱొక చేయి యెట్లుండునో నాకు దెలియదు" అనెను.

చేయి యమహత్తు, 'నాన్నగారి చేయి' యనవలసినది. వారు షష్ఠిని విడిచి మహత్తునే సంబోధించిరి. ముప్పదియైదేండ్లు వ్యాకరణము చెప్పిన పండితులకు నది ప్రమాదము గాదు. నేను మందలించుట మాని మజ్జిగ పుచ్చుకొని సాయంకాలపు బండికి వచ్చివేసితిని. వారి నడుమ నటుపిమ్మట నేమి మాటలు జరిగినవో నే నడుగలేదు.

ఈ చిత్రములను బాలురకు జూపుమని నేననుట లేదు. రక్తమెల్ల రసమనియు ననుట లేదు. పునఃపునర్దీప్తిని దోషమనియే చెప్పితిని. బీభత్సమునకు రక్తమాంసములు ఆలంబనములని వల్లెవేయించుట మాని, ఆలంబనము మనుష్యుడే, రక్త ముద్దీపనమని చెప్పుట యుచితమా కాదా యని మాత్రమే యడుగుచున్నాను. ఇట్లు చెప్పినచో భవభూతి శ్మశానమును, దిక్కన కీచకుడును, రొమేరో శవములు నొక్క సూత్రమున నిముడును. ప్రాచీనగ్రంథములందు దీనికి సాధకముగ గాని బాధకముగ గాని వాక్యములు తోచినవారు తెలుపుదురేని కృతజ్ఞుడను. నా మతమున దోషమున్నచో బండితులు సవరింతురు గాక.